ఎండ ముదరకముందే: కడప వసంతంలో పరుగు, కొండనడక, సైకిలు

(కడపలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి. చెప్పేది కాస్త పొడుగే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు. ఇంకోచోట చలి పోతే వసంతం వస్తుందేమో గానీ మన కడపలో చలి పోతే వచ్చేది ఎండే. (నవ్వులు) పంచాంగం ప్రకారం చైత్రం, వైశాఖం వసంత రుతువు. వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం ఏడురోడ్ల కూడలి కాడ నిలబడి ఇది వసంతమని అనమనండి ఎవరినైనా! ఆరుబయట పరుగుకి, సైకిలుకి, కొండ ఎక్కడానికి మనకు దొరికే వసంతం ఫిబ్రవరి మొదటి నుంచి ఉగాది దాకానే. ఆ తర్వాత కూడా చేయొచ్చు. కాకపోతే అది వేసవి లెక్క, దాని పద్ధతి వేరే.

ఈ రెండు నెలల్లో జరిగేది జాగ్రత్తగా చూడండి. ఫిబ్రవరి మొదట్లో ఇక్కడ పొద్దు పొడిచేది 6.40 ప్రాంతంలో. మార్చి మొదటికి 6.30, ఏప్రిల్ మొదటికి 6.10. దారి కనబడేంత వెలుతురు దానికి 20 నిమిషాల ముందే వస్తుంది. అంటే రెండు నెలల్లో మనకు తెల్లవారుజామున కలిసొచ్చేది అరగంట. అవతలి పక్క పోయేది అంతకన్నా ఎక్కువ. ఫిబ్రవరిలో 9 గంటలకు కూడా హాయిగా పరుగెత్తొచ్చు. మార్చి ఆఖర్లో 8 గంటలకే మెడ మీద చురుక్కుమంటుంది. కాబట్టి మనకు దొరికే వేళ ముందుకు జరుగుతూ చిన్నదవుతూ పోతుంది. చాలామంది ఫిబ్రవరిలో అలవాటైన టైముకే మార్చిలోనూ బయల్దేరతారు. అదే దూరం, అదే వేగం. మూడోవారానికి తలనొప్పి, నీరసం, "నాకీ పరుగు పడదు" అనడం. పడకపోవడం కాదది, గడియారం మార్చుకోకపోవడం.

అందుకే మీరు ఏది చేసినా, ఎంత దూరమన్నది తర్వాత. వెనక్కి తిరిగే వేళ ముందు కాగితం మీద రాయండి. పొద్దున 6.10కి బయల్దేరి 8.30కి ఇంట్లో ఉండాలనుకోండి, మొత్తం 140 నిమిషాలు. అందులో సగం పోవడానికి, సగం రావడానికి అనుకుంటే తప్పు లెక్క. వచ్చేటప్పుడు ఎండ ఎక్కువ, కాళ్లలో సత్తువ తక్కువ, గాలి కూడా అప్పుడే లేస్తుంది. పోవడానికి ఐదింట రెండు వంతులే ఇవ్వండి. అంటే 7.05కి ఎక్కడుంటే అక్కడ తిరగాలి. గుడి ఇంకో కిలోమీటరే ఉందా, ఉండనీయండి. ఆ గుడి ఎక్కడికీ పోదు.

ముందు పరుగు సంగతి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వారానికి నాలుగు రోజులు, రోజుకి 30 నిమిషాలు చాలు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అట్లా పది సార్లు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే వేగం. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే తగ్గించండి. మూడోవారం నుంచి పరుగు నిమిషాలు పెంచుకోవచ్చు. ఈలోగా ఒంటికి ఇంకో పని జరుగుతుంటుంది. వేడికి అలవాటు పడడానికి శరీరానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటిభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఇదంతా ఏసీ గదిలో ట్రెడ్‌మిల్లు మీద రాదు. కొంచెం ఎండ తగలాలి. అందుకే ఎండ అసలే తగలకుండా పారిపోవద్దు. పరుగైనా, నడకైనా తీరిగ్గా 45 నిమిషాలు, గంట, చెమట పట్టేంత పని రోజూ ఉండాలి. మధ్యలో పెళ్లిళ్లకని రెండు మూడు వారాలు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. వేడి రోజుల్లో అదే వేగానికి గుండె నిమిషానికి 10, 15 సార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలే. వాచీ చూసి వేగం కోసం ఆరాటపడకుండా, గుండెను చూసి వేగం తగ్గించుకోండి.

నీళ్ల దగ్గరికొద్దాం. ఇక్కడ ఎవరి నోట విన్నా ఒకటే మాట, "ఎక్కువ తాగండి". ఎంత ఎక్కువ? ఇంట్లో తూకం మిషను ఉంటే తేల్చుకోవచ్చు. ఒకరోజు గంట పరుగుకు ముందు మూత్రానికి పోయొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 68.0 కిలోలు అనుకుందాం. దారిలో 300 మిల్లీలీటర్లు తాగారు. వచ్చాక చెమట తుడుచుకుని, తడిబట్టలు విప్పేసి మళ్లీ చూడండి. 67.2 ఉందనుకోండి. తగ్గింది 800 గ్రాములు, తాగింది 300, అంటే గంటకి 1.1 లీటరు చెమట పోయింది. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చి ఆఖర్లో ఒకసారి చూస్తే అంకె మారుతుంది. ఆ 1.1 లీటరు మొత్తం పరుగులోనే తాగాలని లేదు. దాహాన్ని బట్టి గంటకి అర లీటరు, ముప్పావు లీటరు చాలు. మిగతాది ఇంటికొచ్చాక రెండు మూడు గంటల్లో తీర్చుకోవచ్చు. బయల్దేరినప్పటికన్నా వచ్చాక బరువు పెరిగి ఉంటే మాత్రం తప్పు చేశారన్నట్టు. ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తల నొప్పి, వాంతులు, ఒళ్లు ఉబ్బడం, మరీ ముదిరితే ఫిట్స్. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగించేవాళ్లుంటారు, అది ఇంకా ప్రమాదం.

గంట లోపు పనికి నీళ్లు చాలు. గంట దాటితే ఉప్పు కావాలి. మజ్జిగలో ఉప్పేసుకుని తాగడం మనకు తెలిసిన పద్ధతే, ఇంటికొచ్చాక దాన్ని మించింది లేదు. దారిలో మజ్జిగ పులుస్తుంది కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్టు పెట్టుకోండి. ప్యాకెట్టు మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం కొట్టేస్తే చిక్కనై కడుపు తిప్పుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తల కొట్టి కొలవాలి. గోపురంలా కాదు.

బూట్లలో బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొనేది సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య అడుగున మెత్త చచ్చిపోతుంది, పైన చూస్తే కొత్తగానే ఉంటాయి. సిమెంటు రోడ్డు ఒక్కటే పట్టుకోకుండా గ్రౌండులో మట్టి, కాలువగట్టు కలుపుకోండి. తారురోడ్డు అంచు వాలుగా ఉంటుంది. రోజూ ఒకే పక్క పరుగెత్తితే ఒక కాలు మీద భారం ఎక్కువ పడి మోకాలు పక్కన నొప్పి మొదలవుతుంది. ముంగాలి ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర నొప్పి ఉంటే పరుగు తగ్గిస్తే చాలావరకు పోతుంది. ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నప్పుడూ సలిపే నొప్పి అయితే ఎముకలో సన్నని పగులు కావచ్చు. దానిమీద ఒక్క అడుగు కూడా పరుగెత్తొద్దు, డాక్టరుకు చూపించండి.

తెల్లవారుజాము అంటే కుక్కల రాజ్యం కూడా. పరుగెత్తేవాడి వెంట పడడం దానికి సహజం. ఆగి, నడకలోకి దిగి, దాని కళ్లలోకి చూడకుండా పక్కకు జరగండి. సైకిలు మీద ఉంటే దిగి సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకోండి. పన్ను గాటు చిన్నదైనా సబ్బు పెట్టి 15 నిమిషాలు పారే నీళ్లకింద కడిగి ఆరోజే టీకాకు పోవాలి. పసుపు, కారం పూయడాలు వద్దు.

ఇక సైకిలు. ఇక్కడ నాకు కాస్త పక్షపాతం ఉంది, ఓర్చుకోండి.

కడప నుంచి మూడు దారులు అందరూ అడుగుతారు. ఒంటిమిట్ట, సుమారు 25 కిలోమీటర్లు. పుష్పగిరి, దానికన్నా దగ్గర. గువ్వలచెరువు ఘాటు రోడ్డు. ఒంటిమిట్టకు పొద్దున పోతే తూర్పు ముఖంగా పోతాం. సూర్యుడు కళ్లలో కొడతాడు, దానికి నల్లద్దాలున్నాయి. భయపడాల్సింది వెనకొచ్చే డ్రైవరు గురించి. అతని అద్దం నిండా ఎండే, మీరు కనబడరు. అది తిరుపతి రోడ్డు, బస్సులు, లారీలు ఆగవు. పొద్దు పొడిచిన మొదటి 40 నిమిషాలు ఆ రోడ్డు వద్దు. పుష్పగిరి దారిలో పొద్దు పక్కనుంచి వస్తుంది, ట్రాఫిక్కూ తక్కువ, పెన్న ఒడ్డున ఆగొచ్చు. కొత్తవాళ్లకు నేను చెప్పేది అదే.

ఫిబ్రవరి, మార్చిలో పల్లెరోడ్ల మీద ఇంకో అడ్డం ఉంటుంది. శనగ, జొన్న, పొద్దుతిరుగుడు రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. గింజల మీద చక్రం ఎక్కిందంటే గోళీల మీద ఎక్కినట్టే. బ్రేకు పట్టకుండా, హ్యాండిలు తిప్పకుండా తిన్నగా దాటండి, లేదంటే దిగి నడవండి. రైతు కష్టం మీద టైరు పోనీయడం మర్యాదా కాదు.

మన దగ్గర సైకిలుకు అసలు శత్రువు పల్లేరు కాయ. దాని తర్వాత సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డు అంచు దిగి మట్టిలోకి పోతే రెండూ ఎదురుచూస్తుంటాయి. పంక్చరు వేయడం అందరికీ తెలుసంటారు గానీ పది మందిలో ఎనిమిది మంది వేసిన గంటకే మళ్లీ గాలి పోతుంది. ఎందుకో చెబుతాను. (వేదిక మీద చక్రం పైకెత్తి) చక్రం విప్పేముందు టైరు మీది పేరు ఎక్కడుందో వాల్వుతో పోల్చి గుర్తుపెట్టుకోండి. టైరు ఒక పక్క మాత్రమే లివర్లతో తప్పించి ట్యూబు లాగండి. గాలి కొట్టి, ట్యూబును పెదాల దగ్గర మెల్లగా తిప్పండి. చెవికి వినబడని సన్నటి గాలి పెదవికి తెలుస్తుంది. చిల్లి దొరికింది కదా, ఇప్పుడు ట్యూబును టైరు పక్కన పెట్టి వాల్వు లెక్కన చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. చాలామంది వదిలేసేది ఇక్కడే. ముల్లు మొన విరిగి రబ్బరులో దాక్కుని ఉంటుంది. పైనుంచి కనబడదు. లోపలి వైపు దూదిగానీ పాతగుడ్డగానీ పెట్టి తుడవండి, పోగు తట్టుకుంటుంది. ఉత్త వేలు పెడితే మీ వేలికే పంక్చరు. పట్టకారుతో బయటికి లాగేదాకా ప్యాచీ మాట ఎత్తొద్దు.

తర్వాత చిల్లి చుట్టూ ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ప్యాచీకన్నా కాస్త వెడల్పుగా సొల్యూషన్ పలచగా రాసి, ఆగండి. తడిగా ఉండగా అంటించడం రెండో తప్పు. మూడు నాలుగు నిమిషాలకు మెరుపు తగ్గి, వేలు తగిలిస్తే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు ప్యాచీ పెట్టి మధ్య నుంచి అంచులకు నొక్కండి. కాస్త పౌడరు చల్లితే ట్యూబు టైరుకు అతుక్కోదు. ఒకేచోట పక్కపక్కన రెండు చీలికలుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగింది. 70 కిలోల మనిషి, 32 మిల్లీమీటర్ల టైరు అయితే గాలి ఒత్తిడి వెనక 60 పీఎస్ఐ, ముందు 55 దగ్గర మొదలుపెట్టి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా సరిచూసుకోండి. మండుటెండలో బండి నిలబెట్టేవాళ్లు గరిష్ఠం దాకా కొట్టొద్దు.

సీటు ఎత్తు: మడమ పెడలు మీద పెట్టి అడుగుకు తొక్కితే కాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. మన సైకిళ్లు తొంభై పాళ్లు సీటు కిందికి ఉంటాయి, మోకాలిచిప్ప ముందు నొప్పి దానివల్లే. గొలుసుకు పాత ఇంజినాయిలు పోయకండి, ఈ దుమ్ముకు అది గంధంలా తయారై పళ్లను అరగదీస్తుంది. పలచటి గొలుసు నూనె ఒక్కో లింకుకు ఒక చుక్క వేసి, పది నిమిషాలాగి పైదంతా తుడిచేయండి.

కొండనడకకు వస్తే, మనవాళ్లకు అది కొత్తేం కాదు. శివరాత్రికి లంకమలలో నిత్యపూజకోనకు బండలెక్కి పోయేవాళ్లు, పాలకొండల్లో పొలతలకు పోయేవాళ్లు వేలమంది. ఆ నాలుగు రోజులు వేరు, మామూలు రోజులు వేరు. లంకమల, పాలకొండలు, శేషాచలం రిజర్వు అడవులు. ఎర్రచందనం దొంగల వల్ల నిఘా గట్టిగా ఉంటుంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల కనబడితే మీరు సరదాకి వచ్చారని నమ్మే పని వాళ్లది కాదు. ఆ లంకమల చుట్టూ ఉన్న పొదల్లోనే 1986లో కలివికోడి మళ్లీ కనబడింది. అంతకుముందు ఆ పిట్ట అంతరించిపోయిందనే అనుకున్నారు. రాత్రిపూట తిరిగే పిట్ట. పొదల్లో లైట్లేసుకుని తిరగకపోవడం దానికి మనం చేయగలిగిన మేలు.

అనుమతుల బాధ లేకుండా నడవాలంటే గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ధాన్యాగారం, మాధవరాయ గుడి, జామియా మసీదు చూసుకుంటూ పెన్న లోయ అంచుకు రావచ్చు. ఎర్రటి బండలు, అంచున కంచె ఉంటుందని నమ్ముకోవద్దు. బండ మీద సన్నటి ఇసుక ఉంటే బూటు అడుగు జారిపోతుంది, అందుకని అంచుకు రెండు గజాల దూరంలోనే కూర్చోండి. ఫోను చూస్తూ వెనక్కి నడవడం, మీకు నేను చెప్పాలా. ఆ బండలు పొద్దు ఎక్కేకొద్దీ వేడెక్కి కిందనుంచి కూడా కొడతాయి. 9 కల్లా అక్కడినుంచి బయటపడండి.

ఇట్లాంటి నిట్టనిలువు చరియల కింద పెద్ద తేనెపట్లు కడతాయి. ఘాటైన సెంటు, పొగ, రాయి విసరడం, ఈ మూడింటికీ తేనెటీగలు లేస్తాయి. లేస్తే చేతులు ఊపొద్దు, తువ్వాలుతో ముఖం కప్పుకుని లోయ అంచుకు ఎడంగా, లోపలివైపు దూరంగా పరుగెత్తండి. నీళ్లలో దూకితే పైన కాచుకునుంటాయి. కుట్టిన ముల్లును గోటితోనో కార్డుతోనో వెంటనే గీకేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, చాలా చోట్ల కుట్టినా 108కి ఫోను చేయాల్సిందే.

కొండకు మనిషికి గంటకు అర లీటరు లెక్కన నీళ్లు, పైన ఒక లీటరు అదనం. వంకలో నీళ్లుంటాయని నమ్ముకోవద్దు, మార్చికి చాలా కోనలు ఎండుతాయి. దిగేటప్పుడు చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి. తొడ కండరాలకు దెబ్బ తగిలేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. ఆ నొప్పి మర్నాడు, ఎల్లుండి పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆకు రాలి, బోదగడ్డి ఎండి ఉండే కాలం కాబట్టి అగ్గిపుల్ల గీయొద్దు, టీ ఫ్లాస్కులో తెచ్చుకోండి. రాళ్ల సందుల్లో చేయి పెట్టేముందు చూడండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఎండదెబ్బ గురించి ఒక్క మాట. తల తిరిగినా, వాంతి వచ్చినా నీడకు చేర్చి, ఉప్పునీళ్లు ఇచ్చి పడుకోబెడితే సాధారణంగా కుదుటపడతారు. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వేరు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఆ క్షణం నుంచే చల్లబరచాలి. దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోసి విసరండి, మోటారుబావి తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని అందులో కూర్చోబెట్టండి. చెమట పడుతోంది కాబట్టి ఎండదెబ్బ కాదు అనుకోవద్దు. పరుగులో వచ్చే ఎండదెబ్బకు చెమట పడుతూనే ఉంటుంది.

ఇన్ని భయాలు చెప్పాక చూడాల్సింది కూడా చెప్పాలి కదా. ఫిబ్రవరి, మార్చిలో గుట్టల మీద కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చటి పూలతో నిలబడుంటుంది. మోదుగలు ఎర్రగా మండుతుంటాయి. మార్చి ఆఖరుకి వేపపూత వాసన రోడ్డు పొడుగునా ఉంటుంది. ఆ వాసనకోసమే సైకిలు తొక్కేవాళ్లున్నారు, నేను తప్పుపట్టను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: సార్, గువ్వలచెరువు పాలకోవకు సైకిలు మీద పోయి రావచ్చా?)

పాలకోవ బాగుంటుంది నాయనా, ఘాటే బాగుండదు. లారీలు బ్రేకులు పోయి పడిన చరిత్ర ఆ మలుపులది. తొక్కే బలం నీకున్నా, దిగేటప్పుడు రిమ్ము బ్రేకు అదేపనిగా పట్టుకుంటే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. అంత ట్రాఫిక్కులో అది కుదరదు. ఘాటు మొదలయ్యేదాకా పోయి తిరుగు. కోవ బస్సులో తెచ్చుకో.

(ఒక పెద్దావిడ: నాకు షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటాను. నడవచ్చా?)

నడవాలమ్మా. కానీ కొన్ని మాత్రలకు, ఇన్సులిన్‌కు నడకలో షుగరు బాగా పడిపోతుంది. మీది ఏ రకమో డాక్టరును అడిగి, పొద్దున డోసు సంగతి తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో చక్కెరో ఉండాలి. చేతులు వణికి చెమటపడితే కూర్చుని అది నోట్లో వేసుకోండి. చెప్పులు వద్దు, సాక్సు, బూట్లు. ఇంటికొచ్చాక అరికాలు రోజూ చూసుకోండి, బొబ్బ ఉన్నా మీకు తెలియకపోవచ్చు.

(ఇంకొకాయన: మాకు ఈ మధ్య రంజాన్ ఫిబ్రవరి, మార్చిలోనే వస్తోంది. రోజా (ఉపవాసం) ఉండి పరుగు మానాల్నా?)

మానక్కర్లేదు భాయ్, వేళ మార్చుకుంటే చాలు. తెల్లవారకముందే సహరీ తిన్నాక పొద్దున పరుగెత్తితే పోయిన చెమట సాయంత్రందాకా తీరదు. కాబట్టి పొద్దున వద్దు. ఇఫ్తార్‌కు 30, 40 నిమిషాల ముందు మెల్లగా మొదలుపెట్టి ఇంటి చుట్టుపక్కలే తిరిగితే, ఆపిన వెంటనే నోరు తడుపుకోవచ్చు. గట్టి పరుగు చేయాలంటే ఇఫ్తార్‌లో ఖర్జూరం, పండ్లు, నీళ్లు తీసుకుని, రాత్రి తరావీ నమాజు అయ్యాక పెట్టుకోండి, బిర్యానీ ఆ తర్వాత. (నవ్వులు) ఆ నెలలో దూరం పెంచే ఆలోచన వద్దు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. రాత్రి పరుగుకు వెనక మెరిసే పట్టీ, ముందు లైటు తప్పనిసరి.